దొంగను పట్టించేది రంగు కాదు

షాంటిలీలో ఇల్లు కొనుక్కున్నారు. వెనక డెక్ మీద ఫీడర్ వేలాడదీశారు. రెండు చలికాలాలు తిరిగేసరికి కార్డినల్, బ్లూ జే, చికడీ అన్నిటినీ వంటింటి కిటికీలోంచే పోల్చుకుంటున్నారు. ఎల్లనార్ లారెన్స్ పార్కులో వాల్నీ చెరువు గట్టున నిలబడి పిల్లలకు గ్రేట్ బ్లూ హెరాన్‌ను చూపించారు. వాట్సాప్ గ్రూపులో ఎవరు పిట్ట ఫొటో పెట్టినా మొదటి జవాబు మీదే. ఇక సముద్రపు పక్షుల సంగతి చూద్దామని పుస్తకం తెరిచారు. స్కువాల పేజీ దగ్గరికొచ్చి ఆగిపోయారు.

ఆగిపోరా మరి? అన్నీ మసిబారిన గోధుమ రంగే. ఒకే జాతిలో పొట్ట తెల్లగా ఉండేవి కొన్ని, ఒళ్లంతా నల్లగా ఉండేవి కొన్ని, అటూ ఇటూ కానివి ఇంకొన్ని. మొదటి ఏడాది పిల్లకు ఒక వేషం, మరుసటి ఏడాదికి ఇంకో వేషం. ఒక్కో జాతికి అరడజను బొమ్మలు వేసి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా మీరే కనుక్కోండి అన్నట్టు వదిలేశాడు రచయిత. "ఇది మనవల్ల కాదులే" అని పేజీ తిప్పేశారు కదూ?

తిప్పకండి. చిక్కంతా ఎక్కడుందంటే, ఫీడర్ దగ్గరి అలవాటు కొద్దీ ఇక్కడ కూడా ముందు రంగు చూస్తున్నారు. కార్డినల్‌కు ఆ అలవాటు సరిపోయింది. స్కువాకు సరిపోదు. ఇది పక్క పక్షి నోటికాడ కూడు లాక్కుని బతికే జాతి. అది చేసే పని చూడండి, ఆ తర్వాత ఒడ్డూపొడుగూ చూడండి, రంగును ఆఖరికి ఉంచండి. ఈ వరుస ఒక్కటి చేతికొస్తే సగం పని అయిపోయినట్టే.

ముందుగా పేర్ల గొడవ తేల్చేద్దాం. ఈ కుటుంబంలో ఏడు జాతులున్నాయని సాధారణంగా లెక్క. వాటిలో చిన్నవి మూడు: పొమరైన్, పారసిటిక్, లాంగ్ టెయిల్డ్. వీటిని అమెరికాలో యేగర్లంటారు, బ్రిటన్ పుస్తకాలు వీటినీ స్కువాలనే అంటాయి. అక్కడి ఆర్కిటిక్ స్కువా, ఇక్కడి పారసిటిక్ యేగర్ ఒకటే పక్షి. పెద్దవి నాలుగు: గ్రేట్, సౌత్ పోలార్, బ్రౌన్, చిలియన్. షాంటిలీ నుంచి కారేసుకుని వెళ్లి చూడగలిగేవి మూడు యేగర్లు, పెద్దవాటిలో గ్రేట్, సౌత్ పోలార్. చివరి రెంటినీ ప్రస్తుతానికి మరిచిపోండి. సగం భారం దిగింది కదా?

1. స్కువాను వెతక్కండి, దాని బాధితులను వెతకండి

సెప్టెంబరు నెలాఖరులో ఒక మధ్యాహ్నం డెలవేర్‌లోని కేప్ హెన్‌లోపెన్ ఒడ్డున నిలబడ్డారనుకోండి. ఎదురుగా టెర్న్‌లు చేపల వేటలో ఉన్నాయి. ఒకటి నిటారుగా నీళ్లలోకి దూకి, వేలెడంత చేపతో పైకి లేచింది. చేప ముక్కులో అడ్డంగా తళుక్కుమంటోంది. తిన్నగా పోతున్న టెర్న్ ఉన్నట్టుండి పక్కకు తిరిగి కీచుమంది. ఎందుకు? బైనాక్యులర్స్ కాస్త వెనక్కి జరపండి. నీళ్లను రాసుకుంటూ నల్లటిదేదో వస్తోంది. టెర్న్ ఎడమకు తిరిగితే అదీ ఎడమకే. పైకి లేస్తే అదీ పైకే. తోక అందుకునేంత దగ్గరికి వచ్చింది, టెర్న్ ఇంకోసారి అరిచింది, ఇక లాభం లేదనుకుని చేపను వదిలేసింది. ఆ చేప నీటిని తాకేలోపే వెనకది కిందికి జారి నోట కరుచుకుంది. మీరు చూసింది పారసిటిక్ యేగర్‌ను.

రంగు గమనించారా? లేదు. అయినా సరే అది ఏమిటో మీకు తెలిసింది.

కోడిపిల్లను గద్ద తన్నుకుపోయినట్టు ఒక్క ఊపులో ముగిసే వ్యవహారం కాదిది. దొంగతనం గల్‌లూ చేస్తాయి, కాని వాటిది గుంపుగా మీదపడి గోల చేసే తంతు. నాలుగుసార్లు రెక్కలాడించి వదిలేస్తాయి. యేగర్ వదలదు. ఎదుటి పక్షి వేసే ప్రతి మలుపునూ తానూ వేస్తుంది. కొన్నిసార్లు రెండు కలిసి ఒకదాన్నే తరుముతాయి. బాధిత పక్షి నోట్లో చేప లేకపోతే మింగిందాన్ని కక్కించేదాకా ఊరుకోవు. గ్రేట్ స్కువా ఇంకో మెట్టు పైనే ఉంటుంది. తనకంటే బాగా పెద్దదైన గానెట్‌ను రెక్క పట్టో తోక పట్టో లాగి, నీళ్లమీద కూలేసి మరీ కక్కిస్తుంది. అవసరమైతే చిన్న సముద్రపక్షుల్ని చంపి తినేస్తుంది కూడా.

అందుకని ఒడ్డున నిలబడి ఖాళీ సముద్రాన్ని జల్లెడ పట్టకండి. టెర్న్‌లూ గల్‌లూ ఎక్కడ మూగాయో చూసి అక్కడే కన్ను వేసి ఉంచండి. ప్రశాంతంగా తింటున్న గుంపు ఒక్కసారి చెల్లాచెదురైతే, కారణం దగ్గర్లోనే ఉంటుంది.

2. సాధన షాంటిలీలోనే మొదలుపెట్టండి

సముద్రం మూడు గంటల దూరం. దానికోసం ఆగక్కర్లేదు. చలికాలంలో కిరాణా సామాన్లకు వెళ్లినప్పుడు పార్కింగ్ లాట్‌లో దీపస్తంభాల మీద, మంచు కుప్పల పక్కన తెల్లగా, బూడిద రంగు రెక్కలతో నిలబడే పక్షులున్నాయే, పసుపు ముక్కుకు నల్ల ఉంగరం ఉన్నవి? అవి రింగ్ బిల్డ్ గల్‌లు. ఇవే మీ కొలబద్ద. అవి ఎగిరేటప్పుడు రెక్క ఎంత వెడల్పో, ఒళ్లు ఎంత బరువుగా కనిపిస్తుందో కంటికి అలవాటు చేసుకోండి. పారసిటిక్ యేగర్ దాదాపు ఈ సైజే, కాస్త సన్నం. పొమరైన్ దీనికంటే బరువైనది. లాంగ్ టెయిల్డ్ తేలిక, మూడొందల గ్రాముల మనిషి. గ్రేట్ స్కువా కిలో దాటి కిలోన్నర దగ్గర తూగుతుంది. రింగ్ బిల్డ్ గల్ కంటికి కంఠతా వస్తే మిగతావన్నీ దానికి "ఎక్కువ", "తక్కువ" అని చెప్పుకోవచ్చు.

ఉద్వర్-హేజీ మ్యూజియానికి చుట్టాలొచ్చినప్పుడల్లా వెళ్తూనే ఉంటారు. డిస్కవరీ షటిల్ దగ్గర ఫొటోలయ్యాక పరిశీలన గోపురం ఎక్కి డల్లస్ ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు చూడండి. ఎయిర్‌లైన్ రంగులు కనపడనంత దూరంలో ఉండగానే, రెండు ఇంజన్లా నాలుగా, ముక్కు పొడుగా పొట్టిగా, రెక్క ఎక్కడ అతికింది అని చెప్పడానికి ప్రయత్నించండి. పిల్లలు మీకంటే ముందే చెప్పేస్తారు, చూడండి. ఆకారాన్ని బట్టి పోల్చే ఈ అలవాటే సముద్రం మీద అక్కరకొస్తుంది.

దొంగతనం చూడాలనుంటే మేసన్ నెక్ వెళ్లండి. బాల్డ్ ఈగల్ కోసం 1969లో ఏర్పడిన రక్షిత ప్రాంతం అక్కడుంది. వేసవిలో పొటోమాక్ మీద చేపతో పోతున్న ఆస్ప్రేను ఈగల్ తరమడం కంటపడితే, ఎవరు ముందు మలుపు తిరిగారు, ఎవరు అనుకరించారు అన్నది గమనించండి. దేశానికి గుర్తైన పక్షి కూడా ఈ పనికి సిగ్గుపడదు, అది వేరే సంగతి.

3. ఎప్పుడు, ఎక్కడ

చాలామంది ఇక్కడే ఓడిపోతారు. జులైలో పిల్లల సెలవులని ఓషన్ సిటీ వెళ్లి, గొడుగు కింద కూర్చుని "ఒక్కటీ రాలేదు" అంటే ఎలా వస్తుంది? జులైలో యేగర్లు పుట్టింట్లో ఉంటాయి. ఆ పుట్టిల్లు ఆర్కిటిక్ చుట్టూ ఉన్న టండ్రా. అక్కడ నేల మీదే గూడు, మామూలుగా రెండు గుడ్లు. పొమరైన్, లాంగ్ టెయిల్డ్ జాతులకు అక్కడ ప్రధానమైన తిండి లెమ్మింగ్ అనే చిట్టెలుక. ఎలుకలు విరగబడ్డ ఏడు పిల్లలు నిండుగా లేస్తాయి, ఎలుకలు లేని ఏడు చాలా జంటలు గూడు జోలికే పోవు. వేసవి దాటాక దక్షిణానికి బయల్దేరి, మిగతా ఏడాదంతా సముద్రం మీదే. ఒడ్డుకు రావడమన్నది వాటికి అవసరం లేని పని. అంటే మీకు దొరికేవి ప్రయాణంలో ఉన్న పక్షులు. అవి పోయే తేదీలకు మీరు వెళ్లాలి.

ఒడ్డు నుంచి చూడాలంటే సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు మొదలు. కనిపించేది చాలావరకు పారసిటిక్కే, ఎందుకంటే మూడింటిలో టెర్న్‌ల వెంట తీరం దగ్గరికి ఎక్కువగా వచ్చేది అదే. షాంటిలీ నుంచి మూడు గంటల్లో కేప్ హెన్‌లోపెన్. పక్కనే లూయిస్ ఊరి నుంచి కేప్ మే వెళ్లే ఫెర్రీ ఎక్కితే దాదాపు గంటన్నర సేపు డెలవేర్ బే నోటి మీదుగా పోతుంది. దానంత చవకైన సముద్రయానం ఇంకోటి లేదు. అటు దిగాక ఇంకొంచెం పైకి పోతే న్యూజెర్సీలోని అవలాన్. అక్కడ సెవెంత్ స్ట్రీట్ చివర, సెప్టెంబరు 22 నుంచి డిసెంబరు 22 దాకా కేప్ మే బర్డ్ అబ్జర్వేటరీ వాళ్లు పోయే పక్షినల్లా లెక్కపెడుతుంటారు. వాళ్ల పక్కన నిలబడి ఒక పూట వింటే చాలు, నాలుగు పుస్తకాలు చదివినంత. మొహమాటపడకండి, అడిగితే సంతోషంగా చెప్తారు.

ఒక్క మాట. మన తీరం తూర్పుకు తిరిగి ఉంది. పొద్దున్నే వెళ్తే సూర్యుడు మీ మొహం మీదే, పక్షులన్నీ నల్ల బొమ్మలే. మబ్బు పట్టిన రోజైతే ఉదయమే వెళ్లండి, ఎండ కాసే రోజైతే మధ్యాహ్నం నిలబడండి. తూర్పు నుంచో ఈశాన్యం నుంచో గాలి వీస్తుంటే ఇంకా మంచిది, పక్షులు ఒడ్డువైపు జరుగుతాయి.

పెద్ద స్కువాలు కావాలంటే ఒడ్డున కాలక్షేపం కుదరదు. నార్త్ కెరొలైనాలోని హ్యాటరస్ వెళ్లాలి, ఆరేడు గంటల ప్రయాణం. గల్ఫ్ స్ట్రీమ్ నేలకు దగ్గరగా పోయే చోటు అది. పొద్దున్నే బయల్దేరిన పడవ మధ్యాహ్నానికల్లా లోతు నీళ్లలో పక్షులు చూపించి సాయంత్రానికి వెనక్కి తెస్తుంది. బ్రయన్ ప్యాటిసన్ నడిపే స్టార్మీ పెట్రెల్ 2 అనే పడవ పక్షులు చూసేవాళ్లలో బాగా పేరున్నది. ఫిబ్రవరిలో వెళ్తే గ్రేట్ స్కువాకు అవకాశం. ఇది ఐస్‌లాండ్, స్కాట్లాండ్, నార్వే వైపు పుట్టి చలికాలానికి అట్లాంటిక్ మీద తిరిగేది. మే చివర, జూన్ మొదట్లో వెళ్తే సౌత్ పోలార్ స్కువా. ఇది అంటార్కిటికాలో పుట్టి, అక్కడి చలికాలాన్ని మన వేసవి సముద్రం మీద గడిపే అతిథి. అదే మే చివరి వారంలో అదృష్టముంటే మూడు యేగర్లూ ఒకే రోజు కనిపిస్తాయి.

ఇక తుపాన్లు. 1996లో ఫ్రాన్, 2003లో ఇసబెల్ వచ్చినప్పుడు సముద్రపు పక్షులు కొట్టుకొచ్చి లోతట్టు జలాశయాల మీద తేలాయి. అలాంటిది మళ్లీ వస్తే తుపాను పూర్తిగా దాటి, రోడ్లు తెరిచాకే లేక్ ఆనా వైపు ఒక చూపు చూసి రండి. గాలిలో బయటికెళ్లి సాహసం చేయడానికి ఏ పక్షీ తగదు.

4. వరుస తప్పకండి

పని చూశారు. తరుముతోంది, వదలడం లేదు. ఇప్పుడు ఒడ్డూపొడుగూ. పొట్ట దగ్గర బరువుగా, రెక్క మొదట్లో వెడల్పుగా ఉంటే పొమరైన్ అనుకోండి. డేగలా సన్నగా, రెక్క చివర కోసుగా ఉంటే పారసిటిక్. గాల్లో తేలుతున్నట్టు, టెర్న్‌లా నాజూకుగా ఎగిరితే లాంగ్ టెయిల్డ్. పీపాలాంటి ఛాతీ, వంగిన వీపు, పొట్టి తోక ఉంటే పెద్ద స్కువా.

తర్వాత రెక్క చివరి ఈకల మొదళ్లలో తెల్లటి మచ్చ. పెద్ద స్కువాలకు ఇది పైనా కిందా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, అరమైలు దూరం నుంచి కూడా రెక్క ఆడినప్పుడల్లా మెరుస్తుంది. పొమరైన్, పారసిటిక్‌లకు ఓ మోస్తరు. పొమరైన్ పిల్లకైతే కిందవైపు ఆ మచ్చ పక్కన ఇంకో చిన్న నెలవంక ఉంటుంది. లాంగ్ టెయిల్డ్ పెద్దపక్షికి రెండు మూడు ఈకల కాడలు మాత్రమే తెల్లగా ఉంటాయి.

తర్వాత తోక. పెద్దపక్షికి తోక మధ్యలో రెండు ఈకలు పొడుచుకొస్తాయి. పొమరైన్‌కు అవి చెంచాల్లా గుండ్రంగా, మెలి తిరిగి ఉంటాయి. పారసిటిక్‌కు పొట్టిగా, సూదిగా. లాంగ్ టెయిల్డ్‌కు జానెడు దాకా సాగి వెనకాల ఊగుతుంటాయి. అయితే శరత్కాలంలో చాలావాటికి అవి విరిగో ఊడిపోయో ఉంటాయి, పిల్లలకు ఇంకా రానేరావు. తోక కనిపిస్తే పండగ, కనిపించకపోతే దిగులు పడకండి.

ఇప్పుడు రంగు. అదీ పెద్ద స్కువాల దగ్గరే అక్కరకొస్తుంది. ఎర్రమట్టి ఛాయ కలిసిన గోధుమ రంగు మీద చారలుంటే గ్రేట్ వైపు మొగ్గండి, చల్లటి బూడిద గోధుమలో మెడ వెనక లేతగా ఉంటే సౌత్ పోలార్ వైపు.

5. మామూలుగా జరిగే పొరపాట్లు

"అదిగో స్కువా! నల్లగా ఉంది చూడు!"

"నాన్నా, అది ఎవర్నీ తరమట్లేదుగా. అలల మీద ఊరికే కూర్చుంది."

పిల్లదే రైటు. అది హెర్రింగ్ గల్ పిల్ల. గల్ పిల్లలన్నీ మొదటి ఏడాది గోధుమ రంగులోనే తిరుగుతాయి. మన తీరంలో స్కువా పేరుతో ఎక్కువసార్లు చలామణీ అయ్యేవి ఇవే. రెండోది గానెట్ పిల్ల. ఇదీ ముదురు రంగే, కాని పొడుగు మెడ, కోసు ముక్కు, నీళ్లలోకి బాణంలా దూకడం చూస్తే గుట్టు బయటపడుతుంది. మూడోది పెరెగ్రిన్ డేగ. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇది కూడా తీరం వెంబడే వలస పోతుంది, టెర్న్‌ల గుంపును చెదరగొడుతుంది కూడా. ఇక్కడ పని ఒక్కటే చూస్తే మోసపోతారు. దానికి చేప అక్కర్లేదు, పక్షే కావాలి. రెక్క మీద తెల్ల మచ్చా ఉండదు.

ఇంకో పొరపాటు, కూతను బట్టి పక్షిని చెప్పే మెర్లిన్ యాప్ తెరిచి కూత కోసం చెవి పెట్టడం. సముద్రం మీద ఇవి దాదాపు నోరు తెరవవు. ఫోన్ జేబులో పెట్టండి.

అన్నిటికంటే పెద్ద పొరపాటు వీటిని దుర్మార్గుల కింద జమకట్టడం. పెంగ్విన్ గుడ్లు ఎత్తుకుపోయే వీడియో చూసి మీ అమ్మగారు "ఛీ, పాపిష్టి పక్షి" అనవచ్చు. ఇదే పక్షి గూటి దగ్గరికి మనిషి వస్తే నెత్తి మీదికి దూకి తరుముతుంది. అంటార్కిటికా దగ్గరి కింగ్ జార్జ్ దీవిలో కొరియా పరిశోధకులు గమనించిన బ్రౌన్ స్కువాలు, తమ గూటికి ముందు వచ్చిన మనిషెవరో కొత్తవాడెవరో తేడా పట్టి, పాత మనిషినే వెంటాడాయి. ఆ ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. అంటార్కిటికాలోని మన భారతీయ స్థావరం మైత్రి చుట్టూ వేసవిలో తిరిగేది సౌత్ పోలార్ స్కువానే. వీటికి కష్టకాలం కూడా వచ్చింది. 2021, 2022లలో బర్డ్ ఫ్లూ స్కాట్లాండ్ దీవుల్లోని గ్రేట్ స్కువాలను ఊచకోత కోసింది. 2023 అక్టోబరులో సౌత్ జార్జియా దగ్గర బర్డ్ ఐలండ్‌లో ఆ జబ్బు మొదట బయటపడిందీ బ్రౌన్ స్కువాల్లోనే. కాబట్టి ఒడ్డున చచ్చిన పక్షి కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, పార్కువాళ్లకు చెప్పండి.

6. పడవ ఎక్కేముందు

కడుపు సంగతి ముందు చూసుకోండి. వాంతుల మాత్ర మీ డాక్టరును అడిగి ముందురోజు రాత్రే వేసుకోవడం మంచిది, కడుపులో తిప్పడం మొదలయ్యాక ఏ మాత్రా ఆగదు. హ్యాటరస్‌లో హోటలు గదిలో కూర్చుని షాంటిలీ నుంచి తెచ్చిన బిర్యానీ లాగించే ఆలోచన మానుకోండి. పొద్దున రెండు ఇడ్లీలో ఒక బ్రెడ్డు ముక్కో చాలు. అల్లం మురబ్బా జేబులో ఉంచుకోండి. తల తిరుగుతుంటే లోపలికెళ్లి పడుకోకండి, బయటే ఉండి దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతను చూడండి.

ఎనిమిది రెట్లు చూపించే బైనాక్యులర్స్ చాలు. స్కోప్ ఒడ్డున తప్పనిసరి, పడవ మీద దండగ. నిలబడేది వెనక వైపు. అక్కడి నుంచి చేప ముక్కలూ నూనే నీళ్లలో వదులుతారు, వాసనకు గల్‌లు చేరతాయి, గల్‌ల కోసం స్కువా వస్తుంది. మొదటి సూత్రమే మళ్లీ. పడవ ముక్కు పన్నెండు గంటలు, తోక ఆరు గంటలు. "నాలుగు గంటల దిక్కున!" అని గైడు అరిస్తే కుడివైపు కాస్త వెనక్కి తిరగాలన్నమాట. ఇది ముందే ఒంట పట్టించుకోకపోతే, మీరు లెక్క వేసుకునేలోపు పక్షి పోతుంది. స్కువా మీ కోసం చక్కర్లు కొడుతుందన్న భరోసా లేదు.

7. రాసేటప్పుడు ధైర్యంగా "తెలియలేదు" అనండి

చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్‌లో లిస్టు పెడుతున్నారు. పక్కవాళ్లంతా పారసిటిక్ అన్నారు, మీరు చూసింది అరనిమిషం, అదీ ఎండకు ఎదురుగా. ఏం రాస్తారు? అందులో "యేగర్, జాతి తేలలేదు" అన్న గడి ఉంది. "పొమరైన్ లేదా పారసిటిక్" అన్నదీ ఉంది. నలభై ఏళ్లుగా సముద్రం చూస్తున్నవాళ్లూ ఆ గడులు వాడతారు, మీకేం నామోషీ? పెద్ద స్కువా అని రాస్తే మాత్రం సమీక్షకులు వివరాలు అడగవచ్చు. అప్పటికప్పుడు పడవ మీదే ఫోన్‌లో తెలుగులోనైనా సరే నాలుగు ముక్కలు రికార్డు చేసుకోండి: ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, వెలుతురు ఎటునుంచి, దేన్ని తరిమింది, పక్కనున్న గల్ కంటే పెద్దదా చిన్నదా, రెక్క మీద తెలుపు ఎంత. ఫొటో మసగ్గా వచ్చిందని తీసేయకండి. ఆ తెల్ల మచ్చ మసగ్గా ఉన్న ఫొటోలోనూ తెలుస్తుంది.